రెండుముప్పావు గంటలు, ఒక జానెడు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో మా ధర్మవరంలో నా తర్వాతే ఎవరైనా. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. నా మగ్గం మీదున్న జానెడు పట్టుకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

నేను చీరలు నేస్తాను. నేసినవి ఢిల్లీ షాపులకు తీసుకెళ్లి అమ్ముతాను. కిందటేడు అలా వెళ్లినప్పుడే నా భార్య వరలక్ష్మికి జబ్బు ముదిరింది. ఆమె పుట్టిల్లు హిందూపురం. అక్కడి ఆసుపత్రిలో ఇక లాభం లేదంటే, మా అత్త ఆమెను మా ఇంటికి తీసుకొచ్చింది. కబురు తెలిసినా, విమానం ఉంది కదా అని నేను ఒక రోజు ఆగాను. ఆ రోజుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

నేతగాళ్లం కాలాన్ని కూడా గుడ్డతోనే కొలుస్తాం. ఢిల్లీ నుంచి బెంగళూరుకు పదిహేడు వందల కిలోమీటర్లు, రెండుముప్పావు గంటలు. విమానం ఎక్కేముందు ఫోన్లో ఆమెతో అన్నాను: "జానెడు నేసేంత సేపే. వచ్చేస్తాండా."

"బిరీన రా. నీ మగ్గం దెబ్బ ఇనబడేదాకా కండ్లు మూయను," అంది.

దిగాక రోడ్డు మీద ఇంకో మూడు గంటల ప్రయాణం ఉందని నా లెక్కలో లేనే లేదు.

పదకొండుకు విమానం లేచింది. బోర్డింగ్ పాస్ ఇంకా దాచుకున్నాను. రెండు కావస్తుండగా దిగి ఫోన్ చేస్తే, అత్త "యాడుండావప్పా?" అని రెండుసార్లు అడిగింది. బెంగళూరు అన్నాను. ఫోన్ పెట్టేసింది.

పెనుకొండ దాటేటప్పుడు కూడా వరలక్ష్మికి ఏం చెప్పి బతిమాలాలా అనే ఆలోచిస్తున్నాను. ఇంటి ముందు షామియానా చూశాకే ఆమె లేదని తెలిసింది.

అత్త చెప్పింది: "పదకొండు దాటినంక మగ్గం సప్పుడు మొదలైంది. 'అమ్మా, ఆయన వచ్చినాడు' అని నగింది బిడ్డ. నా చెయ్యి ఇడవలేదు, లేసి సూడలేకపోతి. నేనూ నువ్వే అనుకున్న్యా. నీ ఫోను వచ్చే కొంచెం ముందర సప్పుడు ఆగింది, కండ్లు మూసింది. నిన్ను పిలుద్దామని పోతే ఆడ ఎవురూ లేరప్పా."

ఢిల్లీ వెళ్లేటప్పుడు నేను బుటా సగంలో ఆపి లేచాను. ఇప్పుడది పూర్తయింది, దాని తర్వాత ఇంకా నేత ఉంది. కొలిచాను, జానెడు. వరలక్ష్మి మంచాన పడకముందు చుట్టిపెట్టిన పట్టుదారం కండెల్లో మూడు ఖాళీ. కుడి అంచును కాస్త ఎక్కువ బిగించడం నా అలవాటు. ఆ జానెడులోనూ అదే బిగువు ఉంది. అత్తకు మగ్గం పని రాదు. పక్కింటివాళ్లు చప్పుడు విన్నారు కానీ, లోపలికి ఎవరూ రాలేదంటున్నారు.

నువ్వు వచ్చావనుకునే పోయింది, అదృష్టవంతురాలు అని అందరూ నన్ను ఓదారుస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏడుపూ వస్తుంది.

చీర ఇంకా మగ్గం మీదే ఉంది. నేసింది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు, నేత మాత్రం నాదే. ఆ మగ్గం మోగకపోయి ఉంటే, నేను వచ్చేదాకా ఆమె ఆగేది.