పప్పుచారు ఓడింది

పెండ్లిళ్లకు వండే మొగిలయ్య మాట్లాడేటప్పుడు కూడా గరిటె వదలడు. 1980 పార్లమెంటు ఎన్నికల్లో అతను ఓటేసిన పార్టీకి ఓట్లు బాగానే పడ్డా సీట్లు రాలేదు. "ఓట్లెన్నో సీట్లన్ని ఇయ్యాలె గద దొరా," అన్నాడు. గెలిచిన పార్టీ నాయకుడు రాంచందర్ రావు పదిమందిలో నవ్వాడు. "ఎక్కువొచ్చినోనిదే అంతా. ఓడినోనికి వాటా ఏందిరా?" మొగిలయ్య గరిటె ఒక్క క్షణం ఆగింది.

ఆ శనివారమే వరంగల్‌లో రావు ఇంట్లో గెలుపు విందు. ఎవరికేం కావాలో అడిగి వండమని మొగిలయ్యకు చెప్పాడు. వందమందిలో నలభైమంది మటన్ అన్నారు. శనివారం మాంసం ముట్టని మిగతా అరవైమందిలో సగంమంది పప్పుచారు, సగంమంది పచ్చిపులుసు అన్నారు. మొగిలయ్య మటనొక్కటే వండాడు. శనివారం నియమమున్న రావు విస్తరి ముందు మండిపడ్డాడు. "నా పప్పుచారేదిరా?" మొగిలయ్య గరిటె నిండా మటన్ ముంచి, అతని విస్తరి మీద ఆపాడు. "మటన్‌కే ఎక్కువొచ్చినయి దొరా. మీ పప్పుచారు ఓడింది. అయిదేండ్లు ఆగుండ్రి."