నాన్న తాగుడు మానేసిన వారం

నా చిన్నప్పుడు మా నాన్న తాగినన్నాళ్ళూ మేం భయపడుతూనే బతికాం గాని, ఆయన తాగుడు మానేసిన వారంలో నేను పడ్డ భయం ముందు అదంతా ఒక లెక్కలోది కాదు. వినేవాళ్ళకు ఈ మాట తలకిందులుగా అనిపిస్తుందని తెలుసు. అప్పుడు మాకూ అలాగే ఉండింది.

మాది సత్తెనపల్లి అవతల నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప వేరే ధ్యాస లేని ఊరు. చేలో పురుగుమందు కొట్టి వచ్చిన రోజు ఒళ్ళునొప్పులకని మొదలుపెట్టాడట నాన్న. నాకు ఊహ తెలిసేసరికి పొద్దున్నే సారా పడందే ఆయన చెయ్యి నిలిచేది కాదు. తాగి కొట్టే మనిషి కాదు, తాగి ఏడ్చే మనిషి. నన్నడిగితే అదే అధ్వానం. కొట్టే నాన్న మీద కోపమైనా తెచ్చుకోవచ్చు, ఏడ్చే నాన్నను ఏం చేసుకుంటాం?

మాన్పించడానికి మావాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. నా నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు. సంతలో ఎవరో ఇచ్చిన ఆకుపసరు ఆయనకు తెలియకుండా మజ్జిగలో కలిపారు. ఆయన వాంతులతో మంచం పట్టి, లేచీ లేవగానే తిన్నగా సారా కొట్టుకే నడిచాడు. డాక్టరుకు చూపిద్దామన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. జ్వరానికి డాక్టరుంటాడు గాని తాగుడికి డాక్టరేమిటి, అది బుద్ధికి సంబంధించిన సంగతి కదా అని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం.

ఆ రోజుల్లోనే మా వైపు అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ మందు ముట్టకూడదు. అలా ఆగినవాళ్ళు ఒకరిద్దరు మా ఊళ్ళోనే కనిపించేసరికి మా నాయనమ్మకు ఆశ పుట్టింది. మాలలు వేసే గురుస్వామి, ఆ ఏడే మా ఊరికి బదిలీ అయి వచ్చిన బడి మాస్టారు. ఉన్న సంగతి చెబితే ఆయన ఒప్పుకోడేమోనని, పండగకీ పబ్బానికీ కాస్త పుచ్చుకుంటాడని మాత్రమే చెప్పి మాల వేయించారు.

మొదటి రోజు మా ఇల్లు ఇల్లులా ఉంది. నాన్న చీకటితోనే చన్నీళ్ళు పోసుకుని, నల్లపంచె కట్టి, విభూతి పెట్టుకుని దీపం ముందు కూర్చున్నాడు. మాలలో ఉన్న మనిషిని సొంత తల్లయినా పేరు పెట్టి పిలవకూడదు. నాయనమ్మ తన కొడుకుని నోరారా "స్వామీ" అని పిలుస్తుంటే నాకు నవ్వొచ్చింది. నేను కూడా పనున్నా లేకపోయినా స్వామీ, స్వామీ అంటూ వెనకాలే తిరిగాను. అమ్మ ఆ మధ్యాహ్నం వసారాలో కొంగు పరుచుకుని ఆదమరిచి నిద్రపోయింది. అమ్మ పగలు పడుకోగా చూడటం నాకదే మొదలు.

మర్నాటికి ఆయన చేతిలో మంచినీళ్ళ గ్లాసు నిలవలేదు. ఆ పై రోజు ఒళ్ళంతా చెమటలు, కంటిమీద కునుకు లేదు, అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేలోపే చెదిరిపోయేది. అపచారమేదో జరిగిందని ఇరుగుపొరుగు తేల్చేశారు. ఎవరి చెప్పుల కాళ్ళు గడప దాటాయి, ఎవరి మైల తగిలిందని నాయనమ్మ ఆరా తీసి తీసి చివరికి అమ్మ మీదికే వచ్చింది. అమ్మ అన్నం మానేసి దేవుడి పటం ముందు కూర్చుంది.

అది పత్తితీతల కాలం. ముందుగదిలో గోడల దాకా పత్తి పోసి ఉంది. ఆ మర్నాడు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి నాన్న ఆ పత్తి మధ్యలో నిలబడి ఒళ్ళంతా దులుపుకుంటున్నాడు. పచ్చపురుగులు పత్తిలోంచి పాకి పైకి ఎక్కుతున్నాయట. చేలో ఆయన వెనకాల నడుస్తూ పురుగులు ఏరడం నాకు అలవాటే, అందుకే నన్ను చూడగానే ఆయన ముఖం తేటపడింది.

"ఏరి పారెయ్ తల్లీ, మెడ మీదికి పాకుతున్నాయి" అన్నాడు.

ఆ మెడ మీద చెమటా, తులసిమాలా తప్ప ఏమీ లేవు. లేవని చెబితే ఏమవుతుందో తెలియక, నేను ఉత్త వేళ్ళతో ఏరడం మొదలుపెట్టాను. ఏరి కిటికీలోంచి బయట పారేశాను. ఆయన ఇంకా చూపిస్తూనే ఉన్నాడు, నేను ఏరుతూనే ఉన్నాను. నాన్న బతికి ఉండగానే మమ్మల్ని వదిలి ఎక్కడికో వెళ్ళిపోయాడనిపించింది. అంత భయం ఆ తర్వాత నా బతుకులో మళ్ళీ ఎరగను. ఉన్నట్టుండి ఆయన కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఆ పత్తిలోనే పడిపోయాడు. అప్పుడు అరిచాను.

అందరూ పరిగెత్తుకొచ్చారు. ఫిట్టు ఆగింది గాని మనిషి మనిషిలా లేడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే మాల తియ్యాలేమో, మధ్యలో మాల తీస్తే వంశానికే కీడని ఎవరూ చెయ్యి వెయ్యలేదు. గురుస్వామిని పిలిపించారు. ఆయన నాన్న కళ్ళలోకి చూసి, చేతులు పట్టుకు చూసి, ఈయన రోజూ తాగేవాడా అని అడిగాడు. పండగకీ పబ్బానికేనని నాయనమ్మ నసిగింది. అమ్మే లేచి ముందుకొచ్చింది.

"పొద్దున లేచింది మొదలు తాగుతాడండి. ఏళ్ళ నుంచీ."

గురుస్వామి అరుగు మీద కూలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాం.

"మా అన్నయ్య కూడా ఇలాగే పురుగులు కనిపిస్తున్నాయన్నాడమ్మా. మేం వేపమండలతో దిగదుడిపిస్తూ కూర్చున్నాం, తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఇది స్వామి కోపం కాదు, జబ్బు. ఆస్పత్రికి బయల్దేరండి."

దోషమేదైనా ఉంటే అది తనకే చుట్టుకుంటుందని చెప్పి, నాన్న మెడలోంచి మాల తన చేత్తోనే తీసి పటానికి వేశాడు. ఆ క్షణాన పిడుగు పడుతుందేమోనని నేను చెవులు మూసుకున్నాను. ఏమీ పడలేదు.

నాన్న నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ బస్సెక్కించారు. ఏమైందని బస్సులో ఎవరో అడిగితే నాయనమ్మ చప్పున టైఫాయిడ్ అనేసింది. మాస్టారు మాత్రం పాఠం చెప్పే గొంతుతోనే, అందరికీ వినబడేలా చెప్పాడు.

"తాగుడు జబ్బండి. ఒక్కసారిగా మాన్పించేసరికి ఇలా అయింది. కాస్త పడుకోబెట్టే చోటివ్వండి."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయితే ముందు సీటువాళ్ళు లేచి చోటిచ్చారు. కాసేపటికి గంపతో ఉన్న ఒకావిడ మాస్టారి దగ్గరికి వచ్చి, దీనికి కూడా డాక్టర్లుంటారా బాబూ అని నెమ్మదిగా అడిగింది.

సత్తెనపల్లి ఆస్పత్రిలో ఇంజెక్షను ఇచ్చి, అక్కణ్ణుంచి టాక్సీలో గుంటూరు పంపారు. బ్రాడీపేటలో ఆ ఆస్పత్రి బోర్డు మీద మానసిక వైద్యులని నేను చదివి వినిపించగానే నాయనమ్మ మెట్ల మీదే ఆగిపోయి, మావాడికి పిచ్చేమిటని ఏడ్చింది. మాస్టారు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒంటికి ఉన్నట్టుండి మందు ఆపితే ప్రాణం మీదికే వస్తుందనీ, డాక్టరు కళ్ళముందే మాన్పించాలనీ పెద్ద డాక్టరు అమ్మకు చెప్పాడు. బతుకుతాడా అని అమ్మ అడిగితే, రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు. ఆ రేపటి కోసం మేం ఆస్పత్రి వసారాలో ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం.

నాన్న బతికాడు. కళ్ళు తెరిచి, నేను బడి మానేశానని కోప్పడ్డాడు. ఇంటికొచ్చాక కూడా మాత్రలు వాడాడు, డాక్టరుతో మాట్లాడటానికి బస్సెక్కి గుంటూరు వెళ్ళొచ్చేవాడు. అమ్మను కూడా పిలిపించి మాట్లాడేవారు. మిరపకాయలు కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో ఒకసారి పట్టు తప్పి మళ్ళీ తాగాడు. ఇంకే ముఖంతో వెళ్తానని మూలన కూర్చుంటే మాస్టారే వెంట తీసుకెళ్ళాడు. డాక్టరు తిట్టలేదట, మళ్ళీ వచ్చారుగా, మొదలుపెడదాం అన్నాడట. ఆ తర్వాత నాన్న చాలా ఏళ్ళు బతికాడు, చేతులు వణక్కుండా బతికాడు.

ఇప్పటికీ మా వీధుల్లోంచి ఎవరో ఒకావిడ భర్త కోసమో కొడుకు కోసమో నా దగ్గరికి వస్తుంటుంది. పెరట్లోకి రమ్మని సైగ చేస్తుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుసగుసగా చెప్పబోతుంది. నేను ఆవిణ్ణి వీధిలోకి తెరుచుకున్న వసారాలోనే కూర్చోబెట్టి, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నాడు, పొద్దున్నే చేతులు వణుకుతాయా అని మామూలు గొంతుతోనే అడుగుతాను. ఇంట్లో పెట్టి తాళం వేసి మాన్పించొద్దమ్మా, ముందు డాక్టరుకు చూపించు, నేనూ వస్తానంటాను. పక్కింటివాళ్ళు వింటారేమోనని ఆవిడ బెదురుగా అటూ ఇటూ చూస్తుంది. వినాలనే నేను గొంతు తగ్గించను. ఆ పక్కింట్లో కూడా ఎవరో ఒకరు, ఎవరినీ అడగలేక, మా అమ్మలా దేవుడి పటం ముందు కూర్చుని ఉంటారు.