ఒక మంద్రస్వరం ఎక్కువ

ఎఫీ స్టీల్ ప్రతి తెల్లవారుజామునా ఒక పని చేసేది. నివురు కప్పిన పొయ్యిని మరియమ్మ పేరు తలచుకుని కదిపి, గంజి కాగేలోపు తెడ్డు కాడను బ్యాగ్‌పైప్ గొట్టంలా పట్టుకుని దానిమీద వేళ్లు ఆడించేది. గమకాలు నోటితో పాడేది. ఆడపిల్లకు బ్యాగ్‌పైప్ తిత్తి ఎందుకని తండ్రి వాద్యం చేతికివ్వలేదు. కొడుకులు లేనందున పాటలు మాత్రం నోటిపాఠంగా చెప్పాడు.

మా యూయిస్ట్ దీవిలో పెద్దపాటల చివరి గమకాన్ని కిరీటం అంటాం. లిప్తకాలంలో ఏడు స్వరాలు రాలాలి. వాటి నడుమ ఎఫీ తండ్రి మరొక మంద్రస్వరం వేసేవాడట. అది తెలిసిన మనిషి ఎఫీ ఒక్కతే మిగిలింది. అందుకే ఉత్తరాలు పంచుతూ తిత్తి వాయించే ఫార్కర్‌ను కూర్చోబెట్టి మూడు చలికాలాలు నేర్పింది.

"ముద్ద చేసేస్తున్నావు ఫార్కరూ. కోళ్లకి గింజలు చల్లితే దేనికది విడిగా పడదూ? అలా పడాలి."

"నీ కోళ్లకి తొందరెక్కువ అత్తా!"

"అందుకే అవి గుడ్లు పెడుతున్నాయి. మూడేళ్లబట్టీ నువ్వేం పెట్టావు?"

పక్కింటిదాన్నైన నేను అక్కడే ఊలు వడుకుతూ నవ్వుకునేదాన్ని. చివరికి ఆ స్వరం అతని వేళ్లకు దొరికిన రోజున ఎఫీ పొయ్యిమీది పాల మీగడంతా తీసి అతని గిన్నెలో వేసింది.

ఆ వేసవి పోటీలో తీర్పు చెప్పే పెద్దలు గుడారం కింద పాటల అచ్చు పుస్తకం తెరిచి కూర్చున్నారు.

"ఒక స్వరం ఎక్కువైందే! ఎవరయ్యా నేర్పింది?"

"మా ఊరావిడండీ."

వాళ్లు నవ్వారు. ఫార్కర్‌కు బహుమతి ఏదీ రాలేదు.

మరుసటేడు ఎఫీ, నేను గడ్డిమీద పక్కపక్కన కూర్చుని విన్నాం. అతని పాటతోపాటు ఆమె వేళ్లు మోకాలిమీద కదులుతున్నాయి. కిరీటం వచ్చింది. ఆమె వేలొకటి ఒంటరిగా మోకాలిమీద పడింది. అతని వేలు పడలేదు.

పతకం వచ్చింది. అతను తిన్నగా తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు.

"ఇది నీదే అత్తా."

"నాది కాదు నాయనా, పుస్తకానిది. కూర్చో, టీ చల్లారిపోతోంది."

రొట్టెకు వెన్న ఎప్పటిలాగే మందంగా రాసింది. మర్నాటినుంచి తెడ్డు గంజి కలపడానికే. ఫార్కర్ మాత్రం ప్రతి శనివారం ఆమె పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు మోసుకొచ్చి గోడవారన పేర్చేవాడు. పోటీలో వదిలేసిన ఆ స్వరం మాట ఇద్దరూ ఎత్తేవారు కారు. ఎవరో ఒకరు ఎత్తేలా చేయమని జపమాల తిప్పుతూ దేవుణ్ణి వేడుకునేదాన్ని. ఏళ్లు గడిచిపోయాయి.

మొన్నటి చలికాలం ఎఫీ మంచం పట్టింది. ఫాదర్‌గారు వచ్చి పోయేముందు రాసే నూనె నుదుట రాసి వెళ్లాక, ఫార్కర్‌ను పిలవమని నాతో అంది.

"నన్ను తీసుకెళ్లేటప్పుడు తిత్తి నువ్వే వాయించాలి."

"వాయిస్తాను అత్తా."

"కిరీటం దగ్గర మా నాన్న స్వరం వెయ్యి నాయనా. ఒక్కసారి చాలు. అక్కడ పుస్తకం పట్టుకుని ఎవరూ కూర్చోరులే."