నిలబడి పాడిన పాట

తడిసిన గోనెసంచి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్నటి వానకి మా వసారాలో కొబ్బరికాయల గోనెలు తడిశాయి. ఆ వాసనకి మా చర్చి ఆవరణలోని రేడియో గది గుర్తొచ్చింది, అందులో మార్తమ్మ పెద్దమ్మ గుర్తొచ్చారు. ఆ గది చరిత్ర అంటూ ఈమధ్య అమలాపురంలో ఒక పుస్తకం అచ్చేశారు. అందులో నా ఫొటో వేసి, కింద ‘మన తొలి గాయని’ అని రాశారు. పచ్చి అబద్ధం. పెద్దమ్మ పేరు ఒక్క పేజీలోనూ లేదు.

డెబ్బైల చివర మాట. మా రేడియో అంటే నిజానికి ఆ ఒక్క గదే. గొంతు గోడలకి తగిలి మోగకుండా చుట్టూ గోనెలు వేలాడదీసి, ఉక్కకి వాటిని తడుపుతూ, పాటలు టేపు మీదకి ఎక్కించి పంపేవాళ్ళం. సముద్రం అవతల ఏదో దీవిలో ఉన్న స్టేషను మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం వాటిని పావుగంట సేపు వినిపించేది. మార్తమ్మగారిది రాజోలు వైపు పేట. ఊడుపుల కూలి. అక్షరం ముక్క రాదు. వరి నాటుతూ పాడే బాణీల్లోనే ప్రభువు మీద పాటలు కట్టేవారు. టీచరు ట్రైనింగు చదువుతున్న నాకు పాడడం నేర్పింది ఆవిడే. “ఊపిరి దాచుకోకే అమ్మాయ్, చివరి గట్టు దాకా సరిపోవాలి,” అనేవారు.

ఆవిడ పాట ఎక్కించిన రోజు మైకు ముందు నిలబెడితే నోరు పెగల్లేదు. “ఇలా గెడకర్రలా నిలబడితే పాట రాదండీ,” అన్నారు రికార్డింగు మిషను చూసే ఆయనతో. అని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి నడుం వంచారు. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, చేత్తో నారు గుచ్చుతున్నట్టే గుచ్చుతూ అందుకున్నారు. మైకు అక్కడే ఉండిపోయింది, గొంతు దూరమైపోయింది. చివరికి నేనే మైకు చేత పట్టుకుని, ఆవిడలాగే వంగి, ఎదురుగా నడిచాను. పాట అయ్యేసరికి ఇద్దరికీ చెమటలు. మిషను చూసే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నాలుగో రోజు పాస్టరు అయ్యగారు నన్ను పిలిపించారు.

“ఆ పాట నువ్వు పాడెయ్యమ్మా. హార్మోనియం పెట్టి, ఉచ్చారణ శుభ్రంగా. దేశమంతా వింటారు. ఇంకా ఊడుపుల పాటలేనా మనవి?”

ఏం, అయ్యగారి తల్లి నాట్లెయ్యలేదా? మా అమ్మ వెయ్యలేదా? ఆ బురదలోంచే కదా మేం కట్టిన బడి జీతాలు, ఆయన తెల్ల అంగీ వచ్చింది! ఇవన్నీ ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు. “ఆయ్” అన్నాను. నిటారుగా నిలబడి పాడాను. టేపులు దొరకని రోజులు కదా, పెద్దమ్మ పాట ఉన్న టేపు మీదే నాది ఎక్కించారు. ఆ సంగతి నాకు తెలుసు. మూడు నెలలు ఆవిడకి చెప్పకుండా తిరిగాను.

ప్రసారం రోజున పెద్దమ్మ తలంటుకుని, ఆదివారం కట్టే తెల్లచీర కట్టుకుని, పేట పేటంతటినీ వాకిట్లో కూర్చోబెట్టారు. నన్ను పక్కనే కూర్చోమన్నారు. గరగర మధ్యలోంచి నా గొంతు వచ్చింది. పాట కట్టిందెవరో కూడా చెప్పలేదు. పాట పూర్తయ్యేదాకా ఆవిడ రేడియోనే చూస్తూ కూర్చున్నారు.

“మరి నాదెక్కడుందే?” అన్నారు.

“దానిమీదే నాది ఎక్కించేరు పెద్దమ్మా. నీది చెరిగిపోయింది.”

“నిలబడి పాడేవా?”

“ఆయ్.”

“అందుకేనే. ఎక్కడా నడుం నొప్పి లేదు దాంట్లో.”

అంతే. తిట్టలేదు, శపించలేదు. లేచి వెళ్ళి అందరికీ టీ కాచారు. నాకు గ్లాసు అందిస్తూ, “చల్లారిపోద్ది, తాగు,” అన్నారు. ఆ రోజు నా చెంప పగలగొట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత ఆవిడ ఆ గది గుమ్మం తొక్కలేదు. ఎన్నో ఏళ్ళు బతికారు కానీ, ఆ పాట మళ్ళీ పాడగా ఎవరూ వినలేదు.

పోయిన నెల ఆ పుస్తకం వాళ్ళు శాలువా పట్టుకుని మా ఇంటికి వచ్చారు. “మార్తమ్మ పేరు వేసి మళ్ళీ అచ్చెయ్యండి, అప్పుడు కప్పుదురుగాని,” అన్నాను.

“పెద్దావిడ పాడినట్టు రుజువేముందండీ? టేపేదీ లేదు కదా?” అన్నాడు అందులో ఒకడు, ఎంతో మర్యాదగా.

“లేదు బాబూ. చెరిపేసింది నేనే. అదీ రాసుకోండి,” అన్నాను.

రాసుకోలేదు. శాలువా మడతపెట్టుకుని వెళ్ళిపోయారు.