బ్యాటరీల్లో నీళ్లు పోసిందెవరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు. ఒకటి మేం తాగేవి, రెండోది బ్యాటరీలు తాగేవి. ఆ రెండో డబ్బాను ముట్టుకుంటే మా నాయన ఊరుకునేవాడు కాదు. అందులో ఉప్పు లేదు, సున్నం లేదు, రుచి లేదు, ఒట్టి చచ్చిన నీళ్లు, బ్యాటరీకి అవే కావాలి అనేవాడు. సత్తువ ఉన్న నీళ్లు పోస్తే బ్యాటరీ సత్తువ పోతుందట.

మేముండేది సౌదీలో, హుఫూఫ్ ఊరు దాటాక కాలవ పక్కనున్న ఒక ఖర్జూరతోటలో. కాలవ నీళ్లు తోడే డీజిల్ ఇంజిను, షెడ్డులో వరసగా పేర్చిన బ్యాటరీలు, షెడ్డు బయట నడుమెత్తు ఇనప చట్రం మీద వాల్చిన సోలార్ పలకలు, ఇవన్నీ చూసుకోవడం మా నాయన పని. కరెంటు స్తంభాలు అప్పటికి ఆ తోట దాకా రాలేదు. మమ్మల్ని వీసా మీద పిలిపించుకున్న ఆసామికి, అంటే మా కఫీల్‌కు, కొత్త వస్తువులంటే మోజు. ఎక్కడో చూసొచ్చి ఆ పలకలు తెప్పించాడు. పగటి ఎండంతా వాటి గుండా బ్యాటరీల్లోకి దిగేది. పెద్దింట్లో దీపాలూ రేడియో దాంతోనే నడిచేవి. మా అమ్మ ఆ పెద్దింట్లోనే వంటా ఉతుకూ చేసేది.

నాకు దగ్గర్లో బడి లేదు. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, పళ్లెంలో గోధుమపిండి పరిచి వేలితో దిద్దించి. అరబీ అక్షరాలు కఫీల్ వాళ్లమ్మ నేర్పింది. ఆమెను నేను జద్దా అనేదాన్ని, నానమ్మా అని. మేం కడప జిల్లా దూదేకులవాళ్లం. మాట తెలుగు, నమాజు అరబీ. అంతవరకు గాలికి పలికిన ఆ వాక్యాలను ఒక్కొక్కటిగా నా నాలుక మీద సరిగ్గా కూర్చోబెట్టింది ఆ పెద్దావిడే. ఇవాళ్టికీ ఖురాను తెరిచినప్పుడల్లా ముందు ఆమెకోసం ఒక దువా చేసుకునిగానీ మొదలుపెట్టను. అల్లా నాకు అట్లాంటి గురువులను వెతుక్కోకుండానే ఇచ్చాడు.

ఒక చలికాలం సరిహద్దులో యుద్ధమొచ్చింది. కిటికీలకు టేపులు అతికించారు. సైరన్ మోగితే విషవాయువు భయంతో తడి తువ్వాళ్లు ముక్కుకు పెట్టుకుని ఒకే గదిలో కూర్చునేవాళ్లం. బాంబుల భయం కంటే మనుషుల మీద అనుమానం ఎక్కువగా ఉండేదని నాకు గుర్తు. రోడ్డు మీద ఎక్కడ ఆపినా ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, చూపించమనేవారు. రోజూ సలాము చెప్పే రొట్టెల కొట్టాయన కూడా నువ్వెవరి తరఫు అన్నట్టు చూసేవాడు. కఫీల్ తమ్ముడు సైన్యంలో ఉండి సరిహద్దుకు వెళ్లాడు. జద్దా రేడియో పక్కనుంచి లేచేది కాదు. భోజనం పళ్లెం కూడా అక్కడికే తీసుకెళ్లాల్సి వచ్చేది. యుద్ధం ఆగిందన్నారు, జనం వీధుల్లోకొచ్చి మిఠాయిలు పంచుకున్నారు, అతని కబురు మాత్రం రాలేదు. ఉత్తరాన తగలబడుతున్న చమురు బావుల పొగ వచ్చి మధ్యాహ్నమే మసక కమ్మేది. ఆరేసిన తెల్లగుడ్డలు సాయంత్రానికి నల్లచుక్కలు పడి ఉండేవి.

సరిగ్గా అప్పుడే బ్యాటరీలు ఒకటొకటిగా పడిపోవడం మొదలైంది. దీపాలు ఎర్రబడేవి, రేడియో గొంతు పూడుకుపోయేది. పలకల మీద మసి వల్లనేమో అనుకుని నాయన వాటిని తుడిచాడు. బ్యాటరీ కొసలకు పట్టిన చిలుము సోడానీళ్లతో కడిగి వాజలీను రాశాడు. ఇంజినుకు డైనమో బెల్టు తగిలించి పగలంతా చార్జింగు పెట్టాడు. ఏం చేసినా లేవలేదు. గాజు గొట్టంతో లోపలి నీళ్లు పీల్చి చూస్తే అందులో తేలాల్సిన బెండు అడుగునే కూర్చుంది, అంటే లోపలి యాసిడ్ పలచబడిపోయింది. ఇంకో వింత కూడా ఆయనకు కనిపించింది. ఆ చార్జింగు వేడికి బ్యాటరీలో నీళ్లు తగ్గాలి. ఇక్కడ మూతల దాకా నిండి, పైకి పొర్లి, చుట్టూ తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి.

"దొంగతనం జేసేవాడు తీసకపోతాడు గానీ తెచ్చి పోస్తాడా?" అని నాయన అమ్మతో అన్నాడు. "ఇది దొంగ పని గాదు. పగోడి పని."

ఆ మాట మా ఒంటిగది ఇంట్లోకి చొరబడి ఒక మనిషిలా కూర్చుంది. షెడ్డు తాళంచెవులు రెండు. ఒకటి నాయన మొలతాడుకు, రెండోది పెద్దింటి వంటగదిలో మేకుకు. వంటగదిలో తిరిగేది అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను. నాయన ఒకసారి అమ్మ వైపు, ఒకసారి నా వైపు చూసి, చూసినందుకు తనే సిగ్గుపడి తలదించుకున్నాడు. ట్రాక్టరు నడిపే పెషావరు చాచా మీద నాకు అనుమానం పడింది. ఆయన షెడ్డు పక్కనే నిలబడి సిగరెట్టు కాల్చేవాడు. అందుకని ఖర్జూరం మొదట్లో దాక్కుని ఆయన్ని కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఒకరోజు ఆయన వెనక్కి తిరక్కుండానే, "అరే బేటీ, నీ పచ్చ చున్నీ కాలవ అవతలికి కూడా కనబడుతోంది. గూఢచారికి మట్టిరంగు బట్టలు కావాలి" అని ఉర్దూలో అన్నాడు. నవ్వాడు గానీ మర్నాటి నుంచి సిగరెట్టుకు ఆ పక్కకు రావడం మానేశాడు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

కఫీల్ చెడ్డవాడు కాడు. కానీ తమ్ముడి కబురు లేక, తల్లి ముఖం చూడలేక ఉన్నాడు. షెడ్డులోకి వచ్చి తెల్ల పొక్కులు వేలితో గీకి చూసి, ఇది చేసిందెవరో శుక్రవారం నమాజులోపు చెప్పమన్నాడు. చెప్పలేకపోతే చేసింది నువ్వేననుకుంటాను, నీకూ నీ ఇంటివాళ్లకూ ఎగ్జిట్ కొట్టించి మీ దేశానికి పంపేస్తాను అన్నాడు. ఊళ్లో మాకు మిగిలింది ఎండిపోయిన బోరు, దాని పక్కన చేను. బోర్ల మోటార్లు బాగుచేసి బతికిన మా నాయనకు, బోర్లే ఎండిపోయాక అక్కడ చేయడానికి పనే లేదు. అందుకే కదా ఇంత దూరం వచ్చింది.

ఆ వారం ఉతుకులో అమ్మకొకటి దొరికింది. జద్దా తొడుక్కునే పొడుగు గౌను ఉతికి పిండితే, కుడిచెయ్యి అంచు జల్లెడలా చిల్లులు పడింది. పురుగు కొట్టినట్టు కాదు, ఎలుక కొరికినట్టూ కాదు. అట్లాంటి చిల్లులు అమ్మకు బాగా తెలుసు. నాయన ప్యాంట్ల మీద ఎన్నేళ్లుగానో వాటికే మాసికలు వేస్తోంది. బ్యాటరీ యాసిడ్ గుడ్డ మీద చిందితే అప్పటికేమీ కనబడదు. నీళ్లలో పడ్డాకే ఊడొస్తుంది. అమ్మ ఆ గౌను ఇంటికి తెచ్చి నాయన ప్యాంటు పక్కన పరిచింది.

నాయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "ఇది జద్దాది కదమ్మే?"

"మళ్ల? ఇంకెవురిది? జమ్‌జమ్ డబ్బా ఇంత బిరీన కాళీ అయితాండాదేందబ్బా అనుకుంటాంటి. తాగుతాండాదిలే అనుకున్న్యా." అమ్మ గొంతు తగ్గించింది. "తాగల్యా. బ్యాటరీలకు తాపిచ్చింది."

మక్కా బావి నుంచి తెచ్చుకున్న పవిత్రమైన జమ్‌జమ్ నీళ్లు ఆ పెద్దావిడకు ప్రాణంతో సమానం. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు మేకు మీది తాళంచెవి తీసుకుని షెడ్డుకు వెళ్లి, మూతలు విప్పి, దువా చదువుతూ ఒక్కోదాంట్లో పోసేదన్నమాట. రేడియో ఆగిపోకూడదు, కొడుకు కబురు వచ్చే దారి మూసుకుపోకూడదు. పోసేకొద్దీ బ్యాటరీలు చచ్చేవి. అవి చచ్చేకొద్దీ ఆమె ఇంకా పోసేది.

నేను గెంతాను. "కఫీల్‌తో చెప్పేద్దాం పా నాయనా! మనం గాదు, వాళ్లమ్మే!"

"గమ్మునుండు పాపా" అన్నాడు నాయన. ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు. "జమ్‌జమ్ నీళ్లు చెడగొట్టినాయని ఏ నోటితో చెప్పాల? చెప్తే నమ్ముతాడా? నమ్మితే ఆ తల్లి బతుకుతాదా? కొడుకు కోసం పోసిన నీళ్లే కొడుకు కబురుకు అడ్డం పన్యాయని తెలిస్తే?"

"చెప్పకపోతే మన బతుకేంగావాల?" అని అమ్మ అడగలేదు గానీ ఆమె కళ్లు అడిగాయి. తర్వాత ఆమె, "నమాజు చేసుకోనొచ్చి మాట్లాడ్తా. అందాక ఎవురూ నోరు తెరవాకండి" అని చాప పరుచుకుంది. ఆ రోజు ఆమె నుదురు నేలకానించి సజ్దాలో ఎంతసేపు ఉందంటే, నిద్రపోయిందేమో అనుకున్నాను. లేచి వచ్చి నాయనను ఒకటే అడిగింది.

"ఏమయ్యా, ఆ ఎండపలకల మింద నీళ్లు పోస్తే చెడిపోతాయా?"

"వాటికేం? మసి పోయి బాగా పంజేస్తాయి. ఎండెక్కినాక పొయ్యగూడదు, అద్దం పగులుతాది. పొద్దున్నే పోసి తుడవాల."

అమ్మ ఆ గౌను ఒళ్లోకి లాక్కుంది. సూదీ నల్లదారం తీసి ఆ చిల్లుల మీద చిన్న చిన్న ఖర్జూరాకులు కుట్టింది. కుట్టు అయ్యాక అక్కడ చిల్లులున్నాయని ఎవరూ అనరు, పువ్వుల అంచు వేయించుకుందనుకుంటారు.

మర్నాడు నా పాఠం వేళకు ఆ గౌను మడతపెట్టి జద్దా ఒళ్లో పెట్టింది. జద్దా కుట్టు మీద వేలు తిప్పింది. ఒక్కో ఆకు కింద చిల్లు వేలికి తగులుతూనే ఉండి ఉంటుంది. తలెత్తి అమ్మను అనుమానంగా చూసింది. ఈమెకు ఎంత తెలుసు, ఎవరితో చెప్పింది అన్న చూపు అది. అమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు తన వంటింటి అరబీలో, వెలుగు ఆ పెట్టెల్లో పుట్టదనీ, బయట ఆ పలకల ముఖాల మీద పడే ఎండలో పుడుతుందనీ చెప్పింది. ఇప్పుడు వాటి ముఖాలన్నీ మసి. మా ఆయన చేతులు ఎప్పుడూ డీజిల్ కంపు, నావేమో మసాలా చేతులు. పొద్దున్నే నమాజుకు వుజూ చేసి కడుక్కున్న చేతులతో, బిస్మిల్లా అని వాటి ముఖం కడిగేవాళ్లు ఈ ఇంట్లో ఎవరున్నారమ్మా అంది.

జద్దా గౌను పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టింది. నా ఖురాను పాఠంలో రెండు తప్పులు దొర్లితే దిద్దడం కూడా మరిచిపోయింది. చివర్లో మాత్రం, "పెట్టెలకు వద్దా, నీళ్లు?" అని చిన్నగా అడిగింది.

"వాటిది వేరే జబ్బమ్మా. వాటి సంగతి ఆయన చూసుకుంటాడు" అంది అమ్మ.

శుక్రవారం పొద్దున్నే, జుమా నమాజుకు ముందు, కఫీల్ వచ్చాడు. మేం ముగ్గురం షెడ్డు వాకిట్లో నిలబడ్డాం. నాయన తల వంచుకుని, డబ్బాలు మారిపోయాయి, వేరే నీళ్లు పోశాను, పొరపాటు నాదే అన్నాడు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కఫీల్ నమ్మలేదు. నమ్మని మనిషి ముఖం నేను ఆ రోజే దగ్గరగా చూశాను.

"ఇన్నేళ్లలో ఒక్క చుక్క తప్పు పోయనివాడివి, ఇప్పుడు పోశావా? ఎవరిని దాస్తున్నావు? ఆ ట్రాక్టరువాడినా?" అన్నాడు. అంతలో షెడ్డు పక్కనుంచి నీళ్లు జారే చప్పుడు వినబడింది. కఫీల్ అటు వెళ్లాడు, వెనకే మేం.

జద్దా చట్రం ముందు నిలబడి జమ్‌జమ్ డబ్బా వంచుతూ పలకను కడుగుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఆకులు కుట్టిన చెయ్యంచుతోనే మసి తుడుస్తోంది. కఫీల్ డబ్బాను చూశాడు. తల్లి చేతిని చూశాడు. వెనక్కి తిరిగి, తెరిచున్న తలుపులోంచి బ్యాటరీల మీది తెల్ల పొక్కులను చూశాడు. తర్వాత నాయన ముఖంలోకి చూశాడు. నాయన మాత్రం ఏమీ చూడనివాడిలా కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు కఫీల్ తన అంగీ చేతులు పైకి లాక్కుని, తల్లి చేతిలోంచి డబ్బా మెల్లగా తీసుకున్నాడు. "నేను పోస్తాను యుమ్మా, నువ్వు తుడువు" అన్నాడు. తల్లీకొడుకులు ఆ వరస పూర్తయ్యేదాకా కడిగారు. వెళ్లేటప్పుడు నాయన దగ్గర ఆగాడు. "పొరపాటు నాదే అన్నావు కదా. నీదే అని ఉంచుదాం. కొత్త బ్యాటరీలు పంపిస్తాను. వాటికి నువ్వొక్కడివే నీళ్లు పొయ్యి" అన్నాడు. ఎగ్జిట్ మాట మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే చాచా షెడ్డు పక్కకు సిగరెట్టుకు వచ్చాడు.

అతని తమ్ముడు కొన్నాళ్లకు ఇల్లు చేరాడు, అల్హందులిల్లాహ్. జద్దా మాత్రం మేమున్నన్నాళ్లూ పొద్దున ఆ పలకలు కడగడం మానలేదు. తర్వాత్తర్వాత మామూలు నీళ్లే పోసేది. కరెంటు తీగలు వచ్చాక కూడా కడిగేది.

నేను ఇప్పటికీ అనుమానపు మనిషినే. పాలలో నీళ్లు కలిశాయా, డ్రైవరు చుట్టూ తిప్పుతున్నాడా, పక్కింటామె ఎందుకు తలుపు వేసుకుంది, నా కళ్లకు ఇవే కనిపిస్తాయి. తరచు నా అనుమానం నిజమే అవుతుంది కూడా. కానీ నిజం తెలిసిన క్షణంలో ఆ రోజు మా అమ్మ పరిచిన చాప నాకు గుర్తొస్తుంది. తెలిసిన మాటను పళ్ల వెనకే పట్టుకుని ఒక నమాజు అయ్యేదాకా ఆగుతాను. ఎప్పుడైనా చెప్పక తప్పదు, చెప్తాను. చాలాసార్లు మాత్రం నమాజు ముగించి సలాము తిప్పి లేచేసరికి, ఆ మాటను ఎవరి ముందు పెట్టాలని అంత ఆత్రపడ్డానో నాకే అర్థం కాదు.