తడి జాడీ

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను వైనరీలో ఒక వైన్ పీపా బిరడా తీసి, కన్నం దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తున్నాను. ఆ పని నేర్పింది ఆవిడే. మిగిలిన మూడు పీపాలు కూడా చూశాకే బయలుదేరాను. మధ్యలో వదిలేసి వచ్చానని తెలిస్తే తిట్టేది.

మేముండే ఈ లోడై ఊళ్లో ఎటు చూసినా ద్రాక్షతోటలే. అత్తయ్య ఇక్కడ ముప్ఫై ఏళ్లుంది. ఒక్క చుక్క వైన్ తాగలేదు. అయినా మా కౌంటీ ఫెయిర్‌లో, అంటే ఇక్కడి జిల్లా తిరనాళ్లలో, తొమ్మిదేళ్లు వైన్ జడ్జిగా కూర్చుంది.

దేవుడికి పెట్టకముందు రుచి చూస్తే ఎంగిలవుతుందని, ఆవిడ ఏదీ నాలుక మీద వేసుకోకుండానే వండేది. పులుసులో ఉప్పు చాలిందో లేదో ఆవిరి పట్టి చెప్పేది. ఒక ఆదివారం పక్కింటావిడ వరండాలో సీసా తెరిచింది. కంచె ఇవతల కరివేపాకు కోస్తున్న అత్తయ్య, "అది పాడైంది, డోంట్ డ్రింక్" అంది. పక్కింటావిడ నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేసింది. ఫెయిర్‌కి జడ్జీలను వెతికిపెట్టేది ఆ పక్కింటావిడే.

జడ్జీలకి వైన్ ఉమ్మడానికి తలా ఒక పేపర్ కప్పు ఇస్తారు. అత్తయ్య కప్పులో మాత్రం బిస్కెట్లుండేవి. నోరు శుభ్రం చేసుకోమని ఇచ్చేవి. తనకి అవసరం లేదు కదా అని మా పిల్లలకి తెచ్చేది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ముక్కు తేటపడటానికి చీర కొంగు వాసన చూసుకునేది. పక్క జడ్జి పేజీ నింపుతుంటే ఆవిడ ఒక్క ముక్క రాసేది. ఒకదానికి "కొత్త చెప్పులు" అని రాసింది. మెచ్చుకోవడమో తిట్టడమో ఎవరికీ అర్థం కాలేదు.

నేను వైనరీలో గొట్టాలు కడిగేవాణ్ని. ఒక ఏడాది మా ఓనర్ ఒక పీపా వైన్ చెయ్యమని నాకు అప్పగించి, ఫెయిర్‌లో మెడల్ వస్తే వచ్చే ఏడాది నాలుగిస్తానన్నాడు. రాకపోతే మళ్లీ గొట్టాలే. గ్లాసుల మీద నంబర్లే ఉంటాయి, పేర్లుండవు.

"నా నంబర్ చెప్పనా అత్తా?"

"చెప్పావంటే ఇంటికి రానివ్వను."

నాది పదిహేడు. పోటీ రోజు జడ్జీల బల్ల వెనక నిలబడి చూస్తున్నాను. పక్క జడ్జి పుక్కిలించి, వాన పడ్డ అడవి గుర్తొస్తోందన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య ఒక్కసారి వాసన చూసి గ్లాసు దూరంగా జరిపింది.

"నో ఫారెస్ట్. వెట్ జాడీ."

"వాట్ ఈజ్ జాడీ?"

"పికిల్ జార్. సమ్ లేజీ ఫెలో. వాష్ డన్, డ్రై నాట్ డన్, లిడ్ క్లోజ్."

ఆయన మళ్లీ వాసన చూసి, రాసింది కొట్టేశాడు.

ఇంటికి నేనే డ్రైవ్ చేశాను.

"నీ నంబరెంత?"

"పదిహేడు."

రెండు సిగ్నళ్లు దాటాక మళ్లీ అడిగింది.

"పీపా కడిగాక ఎన్నాళ్లు ఆరబెట్టావురా?"

"ఒక పూట."

"ఆవకాయ జాడీ అయితే అలా పెడతావా?"

"పెట్టను."

"మరి పీపా ఏం పాపం చేసింది?" అని బిస్కెట్ల కప్పు నా ఒళ్లో పెట్టింది.

నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. రెండేళ్లు గొట్టాలు కడిగాను. మూడో ఏడు ఓనర్ ఇంకో పీపా ఇచ్చాడు. దాన్ని కడిగి బోర్లించి, రోజూ లోపల టార్చి వేసి చూశాను. ఈసారి బ్రాంజ్ మెడల్ వచ్చింది. నంబర్ సంగతి నేనెత్తలేదు, ఆవిడా అడగలేదు. జడ్జీల కాగితాలు తర్వాత మా చేతికిస్తారు. అత్తయ్య కాగితం మీద తెలుగులో రెండే మాటలున్నాయి: "జాడీ ఆరింది." ఆవిడ నన్ను మెచ్చుకున్నది అంతే. నాలుగు పీపాలు మాత్రం వచ్చాయి.

మొన్న అత్తయ్య ఇంటికి వెళ్లినప్పుడు పెరటి గోడ మీద ఆవకాయ జాడీ బోర్లించి ఉంది. ఆసుపత్రికి వెళ్లే ముందు కడిగి పెట్టిందట. వారం పాటు ఎండ కాసింది. తిప్పి లోపల చెయ్యి పెట్టి చూశాను. తడి లేదు. మూత పక్కనే ఉంది. పెట్టబుద్ధి కాలేదు. మళ్లీ బోర్లించి వచ్చేశాను.