గవ్వలకోట సిద్ధుడు ముత్యం

మా ఊరి బడిలో ఐదో తరగతి ఫస్టున ప్యాసైనవాణ్ణి నేను. గల్ఫ్‌కొచ్చాక జుఫైర్‌లో రెండు హోటళ్ల పునాదులు నా చేతిమీదే లేచాయి. అస్కర్‌లో నేను వేయించిన షెడ్డుకు ఏ గాలికీ రేకు కదల్లేదు. సల్మాబాద్ క్యాంపులో ఫోర్‌మన్ భీమరాజుగా నా మాటంటే మాటే. అయినా నాకు అన్నిటికంటే పెద్ద బిరుదు ఇచ్చింది, జగిత్యాల వైపు నుంచి వచ్చిన సిమెంటు కూలీ ముత్యం.

శుక్రవారం సెలవునాడు అన్నాలయ్యాక ముత్యం కథ చెప్పేవాడు. గవ్వలకోట అనే రాజ్యాన్ని మంత్రాలు తెలిసిన సిద్ధులు ఏలేవారట. కొత్తగా చేరినవాడు హోమగుండంలోని బూడిద ఎత్తిపోసే బూడిదసిద్ధుడు. నిప్పును ఆడించేవాడు అగ్నిసిద్ధుడు, ఏ తలుపైనా తెరిచేవాడు కీలసిద్ధుడు, అందరిమీదా మహాసిద్ధుడు. మా పనులనుబట్టి అవే బిరుదులు మాకూ పంచాడు. వెల్డర్ వెంకటరాజు అగ్నిసిద్ధుడు, తాళాలు బాగుచేసే పరమేశ్ కీలసిద్ధుడు, నేను మహాసిద్ధుణ్ణి. తను మాత్రం బూడిదసిద్ధుడిగానే ఉండిపోయాడు. ఆ కోటలో ఒక కట్టుబాటు: ఆపదలో ఉన్నవాడు అడిగితే సిద్ధుడు ‘నావల్ల కాదు’ అనకూడదు.

తొంభై ఆరులో ముత్యం భార్య చంద్రవ్వకు కడుపులో గడ్డ అని తేలింది. ఆదివారం ఆపరేషన్. ఆ వేళకు పక్కన ఉండాలని ముత్యం ఆరాటం. పాస్‌పోర్టేమో మా యజమాని, అదే కఫీల్, ఆఫీసు బీరువాలో ఉంది. కఫీల్ దేశంలో లేడు.

ఆఫీసుకు నేనే వెళ్లాను. నేను కట్టినవన్నీ ఏకరువు పెట్టాను. మేనేజరు టీ ఇప్పించి, “తాళంచెవి ఆయన దగ్గరే ఉంది భాయ్, వచ్చే వారం చూద్దాం” అన్నాడు.

క్యాంపుకొచ్చి ఆ మాటే చెప్పాను. పరమేశ్ లేచాడు.

“బీరువానే గద! నేను కీలసిద్ధున్ని గానా?”

“కూర్చోరా! దొంగతనం కేసు పడితే ఇద్దరూ జైలుకే. ఇంక ఆవిడ దగ్గరికి ఎవడెళ్తాడు?” అని కసిరాను.

“మరి మీరున్నారుగా, మహాసిద్ధులు! ఏదోటి చెయ్యండి” అన్నాడు వెంకటరాజు వెటకారంగా.

ముత్యం నవ్వలేదు. “నువ్వన్న జెప్పు పెద్దాయినా. ఎట్లన్న పోతనా?”

“నావల్ల కాదు ముత్యం.”

“గట్లనకు. నీ మీద ఇగ ఎవలున్నరు, అడగనీకి?”

ఆదివారం ముత్యం అందరితోపాటే డ్యూటీ బస్సెక్కాడు. సాయంత్రం ఫోన్ బూత్‌లో బావమరిదితో మాట్లాడి బయటికొచ్చాడు.

“గడ్డ తీసిండ్రట. బతికింది.”

హమ్మయ్య అనుకున్నాం.

“కండ్లు తెరువంగనే, వచ్చిండా అని అడిగిందట. తొవ్వల ఉన్నడని చెప్పిండట బామ్మర్ది. దర్వాజ దిక్కే జూస్తున్నదట.” నావైపు తిరిగాడు. “రేపు ఫోన్ జేస్తే ఏం జెప్పాలె?”